సర్ పిట్టి త్యాగరాయ చెట్టి: నగర బాధ్యతను నెరవేర్చిన తెలుగు చేనేత బిడ్డ

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన హోసూరు పట్టణం 2019లో నగరపాలక సంస్థగా రూపొందింది. ఎదుగుతున్న పట్టణానికి నగర హోదా లభించడం సంతోషదాయకమే. అయితే ఆ హోదా వెంట వచ్చే బాధ్యత ఎట్టిదో గ్రహించుటకు చెన్నపట్నంలో జీవించిన ఒక తెలుగు ప్రముఖుని చరిత్ర తోడ్పడుతుంది. ఆయనే సర్ పిట్టి త్యాగరాయ చెట్టి.

చెన్నపట్నపు నగరపాలక సంస్థ 1688 సెప్టెంబరు 29న ఏర్పడింది. అంతకుముందు సంవత్సరం ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన అధికారపత్రమే దానికి ఆధారం. తమలోని పెద్దలే సభలో కూర్చుంటే ప్రజలు పన్నులు ఇష్టపూర్వకంగా చెల్లిస్తారని కంపెనీవారు తలచారు. ఆ ధనంతో సభాభవనం, పాఠశాల, కారాగారం నిర్మించాలని ఉద్దేశించారు. కానీ ప్రజలు పన్నును ప్రతిఘటించారు. హోదా వచ్చినంత సులభంగా నమ్మకం రాలేదు.

త్యాగరాయ చెట్టి 1852 ఏప్రిల్ 27న తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులయ్యారు. ఉన్నత విద్య అభ్యసించినా కులవృత్తిని విడనాడలేదు. వాషర్‌మన్‌పేటలో సుమారు నూరు మగ్గాలు నడిపారు. 1882లో నగరపాలక సంస్థలో ప్రవేశించి, దాదాపు 40 సంవత్సరాలు దానిని అంటిపెట్టుకొని ఉన్నారు.

1916లో టి.ఎం. నాయర్, సి. నటేశ మొదలియార్‌లతో కలిసి ఆయన స్థాపించిన సంఘమే తరువాత జస్టిస్ పార్టీగా ప్రసిద్ధి చెందింది. 1920 ఎన్నికలలో ఆ పార్టీ గెలిచినపుడు ప్రభుత్వాన్ని ఏర్పరచమని గవర్నరు ఆహ్వానించగా ఆయన నిరాకరించారు. ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్ర పదవిని కాదన్న త్యాగరాయ చెట్టి నగర సేవను మాత్రం వదలలేదు.

1919 నాటి మద్రాసు నగర పురపాలక చట్టం ప్రకారం అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకొనే హక్కు వచ్చింది. అట్లు ఎన్నికైన తొలి అధ్యక్షుడు త్యాగరాయ చెట్టియే. నగరపాలక పాఠశాలలలో పేద పిల్లల హాజరు పలుచగా ఉండడం ఆయన దృష్టికి వచ్చింది. ఆకలితో ఉన్న బిడ్డ బడికి రాడని ఆయన గ్రహించారు. 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని పాఠశాలలో మధ్యాహ్న ఫలహారం ఏర్పాటు చేయించారు. దానికి ఒక్కొక్క విద్యార్థికి రోజుకు ఒక అణాకు మించరాదని నియమం. పిదప మరి నాలుగు పాఠశాలలకు ఆ పథకం విస్తరించింది. కొద్ది సంవత్సరాలలోనే ఆ బడులలో పిల్లల సంఖ్య సుమారు రెట్టింపయింది. పట్టణవాసి చెల్లించిన పన్ను పేదబిడ్డ చేతిలో అన్నమైంది. 1688లో కుదరని నమ్మకానికి ఇదే సరైన సమాధానం.

అయితే విద్యానిధి నుండి ఆ ఖర్చు చేయరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో పథకం ఆగిపోయింది. ఆ సంవత్సరమే త్యాగరాయ చెట్టి కన్నుమూశారు. నాటిన మొక్క మాత్రం ఎండిపోలేదు. 1956లో కామరాజ్, 1982లో ఎం.జి. రామచంద్రన్ ఆ భావననే రాష్ట్రమంతటికీ విస్తరింపజేశారు.

1920వ దశకంలో మాంబళం చెరువును పూడ్చి నిర్మించిన పేటకు త్యాగరాయనగర్ అని ఆయన పేరు పెట్టారు. నేడు టి. నగర్ అని పిలుచుకొనే ఆ పేట పెద్ద వాణిజ్య కేంద్రం. కానీ భారీ వర్షాలకు అక్కడి వీధులలో నీరు నిలిచినప్పుడెల్ల పాత చెరువు గుర్తుకు వస్తుంది. నగరం పెరిగేటప్పుడు ఏమి కోల్పోతున్నదో కూడా పాలకులు లెక్కించాలని ఆ నీరు బోధిస్తున్నది.

చెన్నపట్నంలో అధ్యక్ష పదవికి మేయరు అన్న పేరు తిరిగి 1933లో వచ్చింది. కనుక త్యాగరాయ చెట్టి మేయరు అనిపించుకోలేదు. అయినా ఆయన ఘనతకు ఆ పేరు అవసరం కాలేదు. మన సరిహద్దు పట్టణాలు ఒక్కొక్కటే నగరాలవుతున్న ఈ కాలంలో, నగర హోదాకు గీటురాయి పేదబిడ్డ పళ్ళెమేనన్నది ఆయన జీవితం నేర్పే పాఠం.