సీవీటీ కారు నడుపుతున్నారా? గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి తేల్చేసే ఓ కమ్మరి కొడుకు కథ ఇది

సెలవులొస్తే చాలు, వైజాగ్ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే కార్లు వరుస కడతాయి. వాటిలో క్లచ్ లేని కార్లు, గేరు మారిన సంగతే తెలియనివ్వని కార్లు కూడా ఉంటాయి. అవే సీవీటీ కార్లు. యాక్సిలరేటర్ తొక్కితే వెన్నలా సాగిపోతాయి. ఇంజిన్ ఆయిల్ అందరూ టైముకి మార్పిస్తారు. గేర్‌బాక్స్‌లో సీవీటీ ఫ్లూయిడ్ అనేది వేరే ఉంటుందని, దాన్నీ మార్చాలని మాత్రం సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకి చెప్పేవాళ్లే తక్కువ.

ఈ గేర్‌బాక్స్ ఎలా పుట్టిందో తెలిస్తే, ఆ ఆయిల్ ఎందుకంత ముఖ్యమో ఇట్టే అర్థమైపోతుంది. దీని వెనకున్న మనిషి హుబ్ వాన్ డోర్న్. నెదర్లాండ్స్‌లో పెద్ద పేరు. మన దగ్గర ఆయన పేరు విన్నవాళ్లు అరుదే.

అమెరికాలో పుట్టారు.. కానీ ఆ అమెరికా కాదు

హుబ్ 1900 జనవరి 1న పుట్టారు. ఊరి పేరు అమెరికా. కంగారు పడకండి, నెదర్లాండ్స్‌లోని లింబర్గ్ ప్రాంతంలో ఆ పేరుతో ఓ చిన్న పల్లె ఉంది. తండ్రి కమ్మరి. కొలిమి దగ్గరే పెరిగిన పిల్లాడు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పెద్ద చదువులేమీ లేవు. చేతికి ఇనుము అలవాటు, యంత్రం పాడైతే విప్పి చూసే గుణం.. అంతే ఆస్తి.

ఐండ్‌హోవెన్ పట్టణంలో ఓ బీరు ఫ్యాక్టరీ యజమాని కారు మొరాయిస్తే హుబ్ బాగుచేశారు. ఆ పనితనం నచ్చి ఆ యజమానే పెట్టుబడి పెట్టారు. అలా 1928 ఏప్రిల్ 1న చిన్న షెడ్డు మొదలైంది. తర్వాత తమ్ముడు విమ్ కూడా తోడయ్యారు. పనితనం అన్నది, లెక్కలు, వ్యాపారం తమ్ముడివి.

1930ల్లో వాళ్లు చేసింది కార్లు కాదు, ట్రైలర్లు. గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి చెరకు మోసిన ట్రాక్టర్ ట్రాలీలు చూసిన మన చోడవరం వాళ్లకి ఆ వ్యాపారం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బండి లాగుతుంది, ట్రాలీ మోస్తుంది. డాఫ్ అనే కంపెనీ పేరు కూడా మొదట్లో వాన్ డోర్న్ వారి ట్రైలర్ ఫ్యాక్టరీ అనే అర్థం వచ్చే డచ్ మాటల్లోని పొడి అక్షరాలే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1949 నుంచి లారీలు మొదలుపెట్టారు. డాఫ్ లారీలు యూరప్‌లో ఇప్పటికీ తిరుగుతున్నాయి.

గేర్లు లేని కారు

1958 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో డాఫ్ 600 కారు జనం ముందుకొచ్చింది. చిన్న కారు. రెండు సిలిండర్ల ఇంజిన్, 590 సీసీ, గంటకి 90 కిలోమీటర్ల వేగం. వింత ఏంటంటే క్లచ్ పెడల్ లేదు, గేర్లు లేవు. చేతి దగ్గరున్న లివర్‌ని ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి. వేరియోమాటిక్ అని పేరు పెట్టారు.

లోపల ఉన్నది రబ్బరు బెల్టులు, పుల్లీలు. పుల్లీ రెండు పళ్లేల మధ్య సందు తగ్గితే బెల్టు పైకి ఎక్కుతుంది, సందు పెరిగితే కిందికి జారుతుంది. దాన్ని బట్టి గేరు నిష్పత్తి మెట్లు మెట్లుగా కాకుండా ధారలా మారుతుంది. ఇంట్లో యాక్టివా ఉంటే మీరు రోజూ వాడుతున్నది ఈ సూత్రమే! ఇంకో తమాషా: ఆ డాఫ్ కార్లు ముందుకి ఎంత స్పీడో రివర్స్‌లోనూ అంతే స్పీడు. తర్వాతి కాలంలో నెదర్లాండ్స్‌లో వాటితో రివర్స్ రేసులే పెట్టారు.

ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ రబ్బరు బెల్టు పొడిగా నడుస్తుంది. దాని మీద ఆయిల్ పడితే జారిపోతుంది.

రబ్బరు పోయింది.. స్టీలు వచ్చింది

రబ్బరుకి హద్దు ఉంది. ఇంజిన్ పెద్దదైతే బెల్టు తట్టుకోలేదు. కంపెనీ బాధ్యతల నుంచి తప్పుకున్నాక, చాలామంది మనవలతో ఆడుకునే వయసులో, హుబ్ స్టీలు బెల్టు మీద కూర్చున్నారు. 1972లో దానికోసమే వేరే కంపెనీ కూడా ఏర్పడింది. ఆలోచన మామూలుది కాదు. బెల్టు అంటే లాగేది కదా, ఇది తోస్తుంది. వందల కొద్దీ సన్నటి స్టీలు ముక్కలు, వాటిని పట్టి ఉంచే స్టీలు పట్టీలు. ముక్క వెనక ముక్క ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బలాన్ని చక్రాల వైపు పంపుతాయి.

ఈలోగా డాఫ్ కార్ల విభాగం 1975లో వోల్వో చేతికి వెళ్లింది. 1979 మే 23న హుబ్ కన్నుమూశారు. ఆయన స్టీలు బెల్టు అప్పటికి జనం కార్లలోకి రాలేదు. ఫియట్ ఉనో, ఫోర్డ్ ఫియస్టా, సుబారు జస్టీ లాంటి కార్లలో అది వచ్చింది 1987లో. ఎనిమిదేళ్లు లేటు. చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆ బెల్టు కంపెనీని 1995లో బాష్ కొనేసింది.

మరి ఆయిల్ సంగతేంటి?

రబ్బరు బెల్టుకి ఆయిల్ శత్రువు. స్టీలు బెల్టు మాత్రం ఆయిల్ లేకపోతే బతకదు. స్టీలు మీద స్టీలు రాసుకుంటుంది కాబట్టి అరగకుండా చూడాలి, అదే సమయంలో జారకుండా పట్టు కూడా ఇవ్వాలి. ఈ రెండు ఎదురుబొదురు పనులూ చేసేది సీవీటీ ఫ్లూయిడే. పుల్లీలని బిగించే హైడ్రాలిక్ ప్రెషర్ దానిదే, వేడిని లాగేసేదీ అదే. అందుకే మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తే కుదరదు. హోండాకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌కి ఎన్ఎస్-3.. ఇలా కంపెనీని బట్టి వేరు. కొన్ని కార్లలో బెల్టుకి బదులు చైన్ ఉంటుంది, రూలు మాత్రం అదే. టయోటా హైబ్రిడ్‌ల ఈ-సీవీటీ అయితే పూర్తిగా వేరే జాతి, దానికి ఈ బెల్టే లేదు.

జీవితకాలం మార్చక్కర్లేదు అని ఎవరైనా చెబితే నమ్మేయకండి. ముందు మాన్యువల్ తెరవండి. చాలా మాన్యువల్స్‌లో కఠిన వాడకం అని విడిగా రాసి ఉంటుంది, అక్కడ కిలోమీటర్లు తగ్గుతాయి. ఫుల్ లోడ్‌తో, ఏసీ వేసుకుని, ఎండాకాలంలో పాడేరు ఘాట్ తరచూ ఎక్కే కారుది కఠిన వాడకమే. కారు కదిలేటప్పుడు వణుకు, లోపల కూత, ఆర్పీఎం లేస్తున్నా బండి లాగకపోవడం.. ఇవి కనిపిస్తే ఇక ఆలస్యం చేయొద్దు. అప్పటికే అరుగుదల మొదలై ఉండొచ్చు, కొత్త ఆయిల్ అన్నిటినీ బాగు చేయదు.

ఒకసారి డ్రెయిన్ చేస్తే పాత ఆయిల్ మొత్తం దిగదు, కొంత లోపలే ఉండిపోతుంది. చాలా కార్లలో డిప్‌స్టిక్ కూడా ఉండదు. ఫ్లూయిడ్ నిర్ణీత వేడికి వచ్చాక లెవెల్ చూడాలి. కాబట్టి రోడ్డు పక్కన అరగంటలో అయిపోయే పని కాదు, సీవీటీ తెలిసిన మెకానిక్ దగ్గరే చేయించండి. సీల్ ఉన్న డబ్బా మీ ముందే తెరిపించండి. బిల్లు మీద ఫ్లూయిడ్ పేరు, మీటర్ రీడింగ్ రాయించుకోండి, కారు అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది.