పిండాన్ని 53 రోజులు దాచిన డాక్టరు: సుభాష్ ముఖోపాధ్యాయ్

సంతాన సాఫల్య కేంద్రాల్లో ఇవాళ ఫ్రోజెన్ ఎంబ్రియో మామూలు మాట. ల్యాబ్‌లో ఏర్పడిన పిండాన్ని గడ్డకట్టించి దాచి, అనువైన నెలలో గర్భాశయంలో ప్రవేశపెడతారు. 1978లోనే కలకత్తాలో ఈ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్‌ని సొంత రాష్ట్ర ప్రభుత్వం నమ్మలేదు.

ఆయన 1931 జనవరి 16న హజారీబాగ్‌లో పుట్టారు. కలకత్తాలో వైద్యం చదివి, అక్కడొకటి, ఎడిన్‌బరోలో మరొకటి పీహెచ్‌డీలు చేశారు. స్వదేశానికి తిరిగొచ్చి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పారు.

లూయిస్ బ్రౌన్ విషయంలో బ్రిటన్ వైద్యులు ఆ నెల సహజంగా ఎదిగిన ఒక్క అండంపైనే ఆధారపడ్డారు. సుభాష్ హార్మోన్లిచ్చి ఒకేసారి పలు అండాలు ఎదిగేలా చేశారు. అయితే ఆ మందుల ప్రభావంలో ఉన్న గర్భాశయం ఆ నెల పిండాన్ని నిలుపుకోకపోవచ్చు. అందుకే క్రయోబయాలజిస్ట్ సునీత్ ముఖర్జీ సాయంతో పిండాన్ని గడ్డకట్టించి 53 రోజులు ఆగారు. లూయిస్ పుట్టిన 70 రోజులకు, 1978 అక్టోబర్ 3న కలకత్తాలో ఆడపిల్ల పుట్టింది. శరన్నవరాత్రుల వేళ కదా, దుర్గ అన్నారు.

లోకం ఏమంటుందోనన్న భయంతో తల్లిదండ్రులు బయటపడలేదు. సుభాష్ కూడా వాళ్ల పేర్లు చెప్పలేదు. పరిశోధన వివరాలు అచ్చయింది ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రయోజెనిక్స్‌లో. గైనకాలజిస్టులు తిరగేసే పత్రిక కాదది. ఆ నవంబర్‌లో ప్రభుత్వం వేసిన విచారణ కమిటీకి అధ్యక్షుడు ఒక రేడియో ఫిజిక్స్ నిపుణుడు! కమిటీ ఆయన మాటను కొట్టిపారేసింది. 1979లో జపాన్ నుంచి ఆహ్వానమొస్తే వెళ్లనివ్వలేదు. బాంకుడాకు బదిలీ చేశారు. గుండెపోటు తర్వాత, 1981లో, హార్మోన్ల శాస్త్రవేత్తను కంటి వైద్య సంస్థకు పంపారు. ఆ జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి ఆయన వయసు యాభై.

గడ్డకట్టించిన పిండంతో గర్భం వచ్చిందని 1983లో మెల్‌బోర్న్ బృందం ప్రకటిస్తే ప్రపంచం దాన్నే మొదటిదనుకుంది. 1986లో ముంబైలో టి.సి. ఆనంద్ కుమార్, ఇందిరా హిందుజా కృషితో పుట్టిన పాప దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీగా రికార్డుకెక్కింది. తర్వాత సుభాష్ రాతప్రతులు చదివిన ఆనంద్ కుమార్, మొదటి బిడ్డ దుర్గేనని 1997లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. అలా తనకు దక్కిన ఘనతను తానే వదులుకున్నారు.

2003లో, పాతికేళ్లు నిండిన దుర్గ తానెవరో బహిరంగంగా చెప్పుకున్నారు.