72వ ఏట పట్టిన కత్తెర

పదవీ విరమణానంతరం పటమటలో మా ఇంట్లో పాత శుభలేఖల్లోని పూలు కత్తిరించి, మనుమలకు సంక్రాంతి కార్డులు అంటిస్తుంటాను. ఈ వయస్సులో ఇదేం పిల్లచేష్ట అని మిత్రులు నవ్వినప్పుడు మేరీ డిలేనీ గారిని తలచుకుంటాను.

1700లో ఇంగ్లండులో జన్మించిన ఆమె 1768లో భర్తను పోగొట్టుకున్నారు. 1772లో, 72వ ఏట, రంగు కాగితాలను సన్నగా కత్తిరించి, నల్లని కాగితంపై పొరలుగా అంటిస్తూ పూలను రూపొందించసాగారు. కొన్నింటికి వందలాది ముక్కలు పట్టేవి. పదేళ్లలో దాదాపు వెయ్యి చిత్రాలు పూర్తిచేశారు. 1782లో చూపు మందగించి మానుకున్నారు, 1788లో పరమపదించారు. ఆ పూలు నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

నాకూ కంట్లో శుక్లాలు ముదురుతున్నాయి. అందుకే ఈ ఏటి కార్డులు వచ్చే ఏటికి వాయిదా వేయడం లేదు. మిత్రులారా, మీరూ కత్తెర పట్టండి.