బరువు చాలని హీరో

మా అన్న మిలటరీ సెలక్షనుకి పోయి, బరువు చాలక మా ఊరు అంగలకుదురు తిరిగొచ్చాడు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అప్పుడు నేను జేమ్స్ స్టూవర్ట్ గారి కథ చెప్పాను. మీకూ చెబుతా వినండి.

ఆయన 1908లో అమెరికాలో పుట్టారు. నాన్నగారిది ఇనపసామాన్ల కొట్టు. ఈయన సినిమాల్లో పెద్ద హీరో అయ్యారు. విమానం నడపడం కూడా నేర్చుకున్నారు. 1940లో సైన్యంలో చేరబోతే బరువు తక్కువని పంపేశారు. ఆయన ఊరుకోలేదు. బాగా తిని, బరువు పెంచుకుని మళ్లీ వెళ్లారు. 1941 మార్చిలో మామూలు సిపాయిగా చేరారు. అంతకు ముందు నెలలోనే ఆయనకి ఆస్కార్ బహుమతి వచ్చింది!

పేరున్న నటుడని చాలాకాలం శిక్షణ ఇచ్చే పనిలోనే ఉంచారు. యుద్ధానికి పంపమని పట్టుబట్టి 1943 చివర్లో ఇంగ్లండు వెళ్లారు. నాలుగు ఇంజన్ల బి-24 బాంబరు విమానాల్లో శత్రువుల మీదికి 20 సార్లు వెళ్లొచ్చారు. తోటివాళ్లు ఎందరో తిరిగి రాలేదు. సిపాయిగా చేరిన మనిషి 1945కి కల్నల్ అయ్యారు. అయినా ఆ గొప్పలు సినిమా ప్రచారానికి వాడొద్దన్నారు. 1997లో కన్నుమూశారు.

కథ విని మా అన్న లేచి కంచం ముందు కూర్చున్నాడు. మళ్లీ సెలక్షనుకి పోతాడంట!