హెమింగ్వే: చికిత్స గుట్టుగా... తుపాకీ ఇంట్లోనే!

1960 నవంబరు 30. అమెరికాలోని రోచెస్టర్‌ పట్టణం. మేయో క్లినిక్‌ వైద్యులు పనిచేసే సెయింట్‌ మేరీస్‌ ఆసుపత్రిలో జార్జ్‌ సేవియర్స్‌ పేరుతో ఒక రోగి చేరారు. అది ఆయన పేరు కాదు, ఆయన ఊళ్లో ఆయనకు వైద్యం చేసే డాక్టరు పేరు. అసలు రోగి ఎర్నెస్ట్‌ హెమింగ్వే. అప్పటికి ఆరేళ్ల కిందటే నోబెల్‌ బహుమతి అందుకున్న రచయిత. బయటివాళ్లకు బీపీ చికిత్స అని చెప్పారు. అసలు జబ్బు తీవ్రమైన కుంగుబాటు.

పేరు దాచారు, జబ్బు దాచారు. ఇంట్లోని తుపాకుల్ని మాత్రం పూర్తిగా దూరం చేయలేదు. ఏడు నెలలు గడిచేసరికి ఆయన లేరు. మనసుకు జబ్బు చేసిన మనిషి గుట్టును ఎంతవరకు కాపాడాలి, ఆ మనిషి చేతికి తుపాకీ అందకుండా ఎవరు చూడాలి అన్న రెండు ప్రశ్నలూ హెమింగ్వే జీవితంలో కలిసే కనిపిస్తాయి.

డాక్టరు గారి అబ్బాయి

హెమింగ్వే 1899 జులై 21న షికాగో పక్కనే ఉన్న ఓక్‌ పార్క్‌లో పుట్టారు. తండ్రి క్లారెన్స్‌ పేరున్న డాక్టరు. తల్లి గ్రేస్‌ సంగీతం తెలిసిన మనిషి. వేసవి సెలవులకు మిచిగన్‌లోని సరస్సు ఒడ్డున ఉన్న ఇంటికి వెళ్లేవారు. చేపలు పట్టడం, వేటాడటం తండ్రే నేర్పారు. చిన్నతనంలోనే తుపాకీ చేతికొచ్చింది. ఆ రోజుల్లో అక్కడ అదేం వింత కాదు.

1918లో, 19వ ఏడు నిండకముందే, రెడ్‌క్రాస్‌ అంబులెన్స్‌ డ్రైవరుగా ఇటలీ యుద్ధరంగానికి వెళ్లి తీవ్రంగా గాయపడ్డారు. ఆ అనుభవమే తర్వాత 1929లో ‘ఎ ఫేర్‌వెల్‌ టు ఆర్మ్స్‌’ నవలైంది.

ఆ నవల రావడానికి ముందు ఏడాది డిసెంబరులో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. తండ్రికి మధుమేహం, గుండెజబ్బు ఉండేవి. ఫ్లోరిడాలో స్థలాల మీద పెట్టిన డబ్బు కరిగిపోయింది. కుంగిపోయిన ఆయన ఇంట్లో ఉన్న పాత తుపాకీతోనే ప్రాణం తీసుకున్నారు. నలుగురికి వైద్యం చేసిన డాక్టరు తన బాధను ఎవరికీ చెప్పుకోలేకపోయారు. కొడుకు ఆ తుపాకీనే జ్ఞాపకంగా అడిగి తెప్పించుకున్నారు. తర్వాతి కాలంలో హెమింగ్వే చెల్లెలు ఒకరు, తమ్ముడు కూడా ఆత్మహత్య చేసుకున్నారు.

ఇక్కడో మాట చెప్పాలి. కుటుంబంలో ఒకరు ఇలా పోతే మిగతావారికి ముప్పు కొంత ఎక్కువే. అంతమాత్రాన అది తలరాత కాదు. బీపీ, షుగరు కుటుంబ చరిత్రను డాక్టరుకు చెప్పినట్టే దీన్నీ చెప్పాలి. చెబితే ముందే జాగ్రత్తపడొచ్చు.

కీర్తి పెరిగింది, ఒళ్లు తగ్గింది

‘ద ఓల్డ్‌ మేన్‌ అండ్‌ ద సీ’ 1952లో వచ్చింది. మరుసటి ఏడాది పులిట్జర్‌, 1954లో నోబెల్‌. అదే 1954 జనవరిలో ఆఫ్రికాలో రెండు రోజుల్లో రెండు విమాన ప్రమాదాల్లో చిక్కుకున్నారు. తలకు గట్టి దెబ్బ తగిలింది. కాలేయం, మూత్రపిండం, ప్లీహం దెబ్బతిన్నాయి. నోబెల్‌ అందుకోవడానికి స్వయంగా వెళ్లలేకపోయారు. పైగా ఏళ్ల తరబడి మద్యం, బీపీ. తలకు మళ్లీ మళ్లీ దెబ్బలు, మద్యం, కుటుంబంలో కుంగుబాటు... ఇన్ని కలిసినప్పుడు మనసు దెబ్బతినడం ఆశ్చర్యం కాదు. అది పిరికితనమూ కాదు.

1960 నాటికి ఒక్క వాక్యం రాయడమూ కష్టమైంది. ఎఫ్‌బీఐ తనను వెంటాడుతోందన్న భయం పట్టుకుంది. మేయో వైద్యులు ఈసీటీ అనే విద్యుత్‌ చికిత్స ఇచ్చారు. ఆ తర్వాత జ్ఞాపకాలు చెదిరిపోయాయని ఆయన బాధపడ్డారు. ఇప్పుడు ఈ చికిత్సను మత్తు ఇచ్చాకే చేస్తారు. మత్తు ఇవ్వకుండా చేయడాన్ని మన చట్టం నిషేధించింది. కాబట్టి ఆయన కథ విని ఈనాటి చికిత్సకు భయపడక్కర్లేదు.

గుట్టు ఎక్కడ దాటింది?

మారుపేరుతో చేరినందుకు ఎఫ్‌బీఐ తనను పట్టుకుంటుందేమోనని హెమింగ్వే ఆసుపత్రిలోనూ కలవరపడేవారు. ఆ భయం తీర్చాలని మానసిక వైద్యుడు హోవర్డ్‌ రోమ్‌ 1961 జనవరిలో ఎఫ్‌బీఐ వారితోనే మాట్లాడారు. మీరు మారుపేరుతో చేరినందుకు వారికేమీ అభ్యంతరం లేదని రోగికి చెప్పొచ్చా అని అడిగారు. ఆ సంగతి ఎఫ్‌బీఐ ఫైల్లోకి ఎక్కింది. దశాబ్దాల తర్వాత ఆ ఫైలు బయటపడినప్పుడు, 1940ల నుంచే ఆయన మీద నిఘా ఉందని తేలింది.

డాక్టరు ఉద్దేశం మంచిదే. అయినా రోగి ఏ సంస్థకు భయపడుతున్నాడో, అతని చికిత్స విషయం ఆ సంస్థకే చేరింది. ప్రాణానికి అసలు ముప్పయిన తుపాకుల విషయంలో మాత్రం పటిష్ఠమైన ఏర్పాటు జరగలేదు. చెప్పకూడని చోట చెప్పడం, చూడాల్సిన చోట చూడకపోవడం అంటే ఇదే.

1961 ఏప్రిల్లో ఇంట్లో తుపాకీతో కనిపించిన ఆయన్ను భార్య మేరీ, డాక్టరు సేవియర్స్‌ కలిసి ఆపగలిగారు. మళ్లీ మేయోకు పంపారు. జూన్‌ చివర్లో ఇంటికి పంపించేశారు. ఆయన కోలుకున్నారని మేరీకి అనిపించలేదు. డాక్టర్ల ముందు ఆయన హుషారుగా ఉండేవారు. ఇంట్లో తుపాకులకు తాళం వేశారు. తాళంచెవులు మాత్రం ఇంట్లోనే, అందే చోటే ఉన్నాయి. ఇంటికి వచ్చిన రెండు రోజులకే, జులై 2న, ఆయన ప్రాణం తీసుకున్నారు. 62 ఏళ్లు నిండటానికి మూడు వారాలు కూడా లేవు. మొదట అది ప్రమాదమని చెప్పారు. నిజం ఒప్పుకోవడానికి మేరీకి కొన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు అక్కడ, ఇక్కడ

హెమింగ్వే కాలంలో అమెరికాలో తుపాకీ కొనేవారి మానసిక ఆరోగ్యం గురించి పెద్దగా అడిగేవారు లేరు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం 21 ఏళ్లలోపు వారు దుకాణంలో తుపాకీ కొనాలంటే బాలల నేర రికార్డులు, మానసిక ఆరోగ్య రికార్డులు, స్థానిక పోలీసు రికార్డులు కూడా వాకబు చేస్తారు. అనుమానం ఉంటే 10 పనిదినాల వరకు ఆపొచ్చు. టీనేజీలో తీసుకున్న చికిత్స ఇలా బయటపడితే పిల్లలు అసలు డాక్టరు దగ్గరికే రారేమోనన్న భయమూ ఉంది. ఆ భయం కొట్టిపారేయదగింది కాదు.

మేడ్చల్‌, శామీర్‌పేట వైపు పిల్లల్ని అమెరికాలో చదివిస్తున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. స్టూడెంట్‌ వీసా మీద ఉన్నవారు మామూలుగా అక్కడ తుపాకీ కొనకూడదు. కానీ వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఫోన్లో చదువు, తిండి గురించి అడిగినట్టే ఈ సంగతీ ఓసారి అడగండి.

మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి, మతిస్థిమితం లేనివారికి తుపాకీ లైసెన్సు రాదు. క్రీడా శిక్షణకు మాత్రం వయసులో మినహాయింపు ఉంది. పోలీసు విచారణతో పాటు 2016 నిబంధనల ప్రకారం శారీరక, మానసిక ఆరోగ్యం మీద డాక్టరు సర్టిఫికెట్‌ కావాలి. మత్తుపదార్థాలకు బానిస కాదన్నదీ అందులో చూడాలి. అయితే లైసెన్సు గడువు 5 ఏళ్లు. మనసు 5 ఏళ్లూ ఒకేలా ఉండదు. పైగా 0.177 అంగుళాల వ్యాసం, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సే అక్కర్లేదు. అంటే ఏ డాక్టరూ చూడరు. శామీర్‌పేటలోనే 2023 జులైలో ఒక విల్లాలో ఎయిర్‌గన్‌ కాల్పుల కేసు వార్తల్లోకి వచ్చింది. అది ఆటబొమ్మ కాదు.

సర్టిఫికెట్‌ అడగడానికి ఓపీకి వచ్చే యువకుణ్ని మేం చూసేది కాసేపే. హెమింగ్వే లాగే ఆ కాసేపు హుషారుగా ఉండటం కష్టం కాదు. గతంలో కుంగుబాటుకు మందులు వాడి ఉంటే చాలామంది చెప్పరు. ఉద్యోగం పోతుందని, పెళ్లి సంబంధం తప్పిపోతుందని భయం. నిజానికి లైసెన్సు ఇచ్చే అధికారికి కావాల్సింది ఆరోగ్యం సరిపోతుందా లేదా అన్న ఒక్క మాటే. చికిత్స కథంతా అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గుట్టును హక్కుగా గుర్తించింది. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే మాత్రం, ఆ ముప్పు తప్పించడానికి ఎంత అవసరమో అంతే చెప్పే వీలిచ్చింది.

ఇంట్లో ఏం చేయాలి?

• సర్టిఫికెట్‌కు వచ్చినప్పుడు పాత చికిత్స సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు. ఒకప్పుడు మందులు వాడినంత మాత్రాన జీవితాంతం అనర్హులు కారు.

• ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేకపోతే తుపాకీకి తాళం వేసి ఊరుకోవద్దు. దాన్ని ఇల్లు దాటించాలి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకుల్ని పోలీసుస్టేషన్లో అప్పగిస్తారు కదా! ఈ పరిస్థితిలోనూ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ భద్రపరచమని అడగొచ్చు. ఎందుకని అడిగితే జబ్బు పేరు చెప్పక్కర్లేదు.

• పొలం ఉన్న ఇళ్లలో పురుగుమందులకూ ఇదే సూత్రం. ప్రాణం మీద విరక్తి పుట్టిన తీవ్రమైన ఘడియ చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ కాసేపు ప్రమాదకరమైన వస్తువు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు.

• ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి రోజులు, వారాలు అత్యంత జాగ్రత్తగా ఉండాల్సినవి. మీకు అనుమానంగా ఉంటే ఆ మాట డాక్టరుకు గట్టిగా చెప్పండి. ఇంట్లోవాళ్లకు కనిపించేవి మాకు కనిపించవు.

• చెప్పుకోవడానికి ఎవరూ లేరనిపిస్తే టెలి మానస్‌ 14416కు ఎప్పుడైనా ఫోన్‌ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

జబ్బు సంగతి పక్కింటివాళ్లకు తెలియాల్సిన పనిలేదు. ఇంట్లోవాళ్లకు, డాక్టరుకు తెలిస్తే చాలు. తుపాకీ మాత్రం ఆ ఇంట్లో ఉండకూడదు.