విక్టోరియా రాణి ఎనిమిదవ బిడ్డ

పాత వెండి రూపాయి మీద విక్టోరియా రాణి బొమ్మను మన తరం వాళ్ళమంతా అమ్మమ్మల పెట్టెల్లో చూసినవాళ్ళమే. ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, ఆ రాణిగారి ఎనిమిదవ సంతానం, నాలుగో కుమారుడు అయిన లియోపోల్డ్ యువరాజును ఎంచుకున్నాను. ఇందుకు కారణాలు రెండు. మొదటిది, రాజకుమారుడై ఉండి కూడా ఆయన మనలాగే కాగితాల పని చేశాడు. రెండోది మా ఇంటి సంగతి. సందర్భం వచ్చినప్పుడు మనవి చేస్తాను.

లియోపోల్డ్ 1853 ఏప్రిల్ 7న లండన్‌లోని బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో పుట్టాడు. ఆ కాన్పులో నొప్పులు తెలియకుండా డాక్టర్ జాన్ స్నో రాణిగారికి క్లోరోఫారం ఇచ్చాడు. ఆనాటికి అది పెద్ద సంచలనం. బిడ్డ నడక నేర్చే వయసుకు వచ్చేసరికి ఇంట్లో కలవరం మొదలైంది. తూలి పడితే అందరు పిల్లలకూ బొప్పి కడుతుంది. ఈ పిల్లవాడికి మాత్రం కమిలిన చోటు నల్లబడి, వాచి, రోజుల తరబడి మంచం దిగనిచ్చేది కాదు. వైద్యులు దానిని హీమోఫిలియా అన్నారు. పేరైతే పెట్టారు గాని మందు లేదు. మంచు ముక్కలు, పడక, దైవప్రార్థన, అంతే.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఈ జబ్బు ఉన్నవారికి చిన్న గాటు పడితే చాలు, ప్రాణం పోతుందని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వారి రక్తం మనకంటే వేగంగా కారదు, కాకపోతే ఎక్కువసేపు కారుతుంది. పైకి కనిపించే గాయం కంటే లోపలి రక్తస్రావమే అసలు శత్రువు. మోకాలు, మడమ, మోచేయి కీళ్ళలోకి రక్తం చేరి, మళ్ళీ మళ్ళీ వాచి, చివరకు కీలు బిగుసుకుపోతుంది. తలలో రక్తస్రావమైతే ప్రాణాపాయం. లియోపోల్డ్ జీవితంలో ఈ రెండూ జరిగాయి.

ఎనిమిదేళ్ళ వయసులో, ఆరోగ్యం కోసమని అతణ్ణి దక్షిణ ఫ్రాన్సులోని కాన్ పట్టణానికి పంపారు. అతడు అక్కడ ఉండగానే 1861 డిసెంబరు 14న తండ్రి ఆల్బర్ట్ ఇంగ్లండులో కన్నుమూశాడు. పసివాడు పరాయి ఊళ్ళో ఆ కబురు విన్నాడు. ఆ ఊరి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి.

భర్త పోయాక రాణిగారు ఈ కొడుకును రెక్కల కింద దాచుకున్నారు. పరుగెత్తకూడదు, గుర్రమెక్కకూడదు, ఎవరింటికీ వెళ్ళకూడదు. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, తల్లి కదా. కాని ఆ కుర్రవాడికి బుర్ర చురుకైనది. సంగీతం, పుస్తకాలు, రాజకీయాలు, అన్నిటా ఆసక్తే. ఎంతో పోట్లాడి, 1872లో ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చేరాడు. 1876లో గౌరవ డాక్టరేటుతో బయటికి వచ్చాడు.

తరువాతి భాగం మన బోటి వాళ్ళకు బాగా నచ్చుతుంది. రాణిగారికి ప్రభుత్వ పత్రాలు తాళం వేసిన పెట్టెల్లో వచ్చేవి. వాటిని చదివి, సారాంశం తీసి, తల్లికి విన్నవించే పని లియోపోల్డ్‌కు దక్కింది. జీతం లేదు, హోదా లేదు, అనధికార కార్యదర్శి. అయినా శ్రద్ధగా చేశాడు. కాబోయే రాజైన పెద్దన్న ఎడ్వర్డ్‌కే ఆ రోజుల్లో ఆ పెట్టెలు చూసే భాగ్యం లేదు. కాలు వాచి కదలలేని మనిషి సోఫాలో పడుకుని రాజ్య వ్యవహారాల ఫైళ్ళు తిరగేస్తున్న దృశ్యం నా కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ముప్పై మూడేళ్ళ సర్వీసులో తలనొప్పికి కూడా సెలవు పెట్టిన రోజులు గుర్తొచ్చి, కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

అయితే ఆయనకు తల్లి బల్ల దగ్గర గుమాస్తాగిరీ చాలలేదు. 1878లో ఆమెతో బాల్మోరల్ కోటకు వెళ్ళనని మొండికేసి పారిస్ వెళ్ళిపోయాడు. 1880లో కెనడా, అమెరికా చూసి వచ్చాడు. కెనడాకు గవర్నర్ జనరల్‌గా పంపమని అడిగితే తల్లి ఒప్పుకోలేదు. 1881లో డ్యూక్ ఆఫ్ ఆల్బనీ బిరుదు మాత్రం ఇచ్చింది. 1882 ఏప్రిల్ 27న జర్మనీ రాకుమారి హెలెనాతో విండ్సర్‌లో పెళ్ళయింది. మరుసటి ఏడాది ఆలిస్ అనే కూతురు పుట్టింది. ఆ రెండేళ్ళే ఆయన సొంత సంసారం.

1884 చలికాలంలో కీళ్ళ బాధ ఎక్కువై, వైద్యుల సలహాపై మళ్ళీ కాన్ వెళ్ళాడు. భార్య నిండు మనిషి కనుక ఇంగ్లండులోనే ఉండిపోయింది. మార్చి 27న అక్కడి క్లబ్బులో కాలు జారి పడ్డాడు. మోకాలికీ తలకూ దెబ్బ తగిలింది. ఆ తెల్లవారుజామునే, 28న, పోయాడు. అప్పటికి ముప్పై ఒకటో ఏడు నిండలేదు. నాలుగు నెలలకు, జూలై 19న, కొడుకు పుట్టాడు.

ఆ కొడుక్కి జబ్బు లేదు. కూతురు ఆలిస్ 97 ఏళ్ళు బతికి 1981లో పోయింది. ఆమె కొడుకు రూపర్ట్ మాత్రం 1928లో ఫ్రాన్సులో కారు ప్రమాదంలో గాయపడి, రక్తస్రావంతో, ఇరవై ఏళ్ళకే పోయాడు. తాత జబ్బు కొడుకును వదిలి, కూతురి ద్వారా మనవడికి వచ్చింది.

దీని లెక్క ఇది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదవ, తొమ్మిదవ ఫ్యాక్టర్ల తయారీ ఉత్తర్వు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవారికి ఎక్స్‌లు రెండు, అంటే ఒరిజినల్, డూప్లికేటు రెండూ ఉన్నట్టు. ఒకదాంట్లో పేజీ చిరిగినా సాధారణంగా పని నడుస్తుంది. మగవాడికి ఒక్కటే కాపీ. జబ్బున్న తండ్రి తన ఎక్స్‌ను కూతుళ్ళందరికీ ఇస్తాడు, కొడుకులకు ఇవ్వడు. చిరిగిన కాపీ మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం. ప్రతి కూతురూ వాహకురాలయ్యే అవకాశమూ సగమే. విక్టోరియా పూర్వీకుల్లో ఈ జబ్బు కనబడదు. కొత్తగా పుట్టిన మార్పు కావచ్చు. సుమారు మూడో వంతు కేసుల్లో ఇలాగే కుటుంబ చరిత్ర ఏమీ ఉండదు. రాణిగారి మునిమనవడు, రష్యా యువరాజు అలెక్సీ ఎముకలను పరీక్షించి, అది తొమ్మిదవ ఫ్యాక్టర్ లోపమని 2009లో తేల్చారు.

ఇక మా ఇంటి సంగతి. మా అక్కయ్యకు ఇద్దరు మగపిల్లలు పసితనంలోనే పోయారు. ఒకడు పన్ను ఊడినప్పుడు, ఒకడు మెట్ల మీద పడి. అత్తవారు ఆమె జాతకాన్ని తిట్టారు. తాయెత్తులు కట్టించారు. నేనూ ఏమీ తెలియక ఊరుకున్నాను. అక్కయ్య పోయిన తర్వాత, ఆమె కూతురికి పుట్టిన బాబుకి మోకాలు వాచినప్పుడు పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి, ఎనిమిదవ ఫ్యాక్టర్ లోపమన్నారు. అక్కయ్య ఏ పాపమూ చేయలేదని నాకు అరవై దాటాక తెలిసింది.

బాబు ఇప్పుడు పదో తరగతి. ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు పడుతున్నాయి, నడక బాగుంది. పోయిన డిసెంబరులో బడివాళ్ళు నాగార్జునసాగర్ విహారయాత్ర పెడితే మా మేనకోడలు పంపనంది. వాడు రెండు రోజులు అన్నం మానేశాడు. ఆమె నన్ను పంచాయితీకి పిలిచింది. లియోపోల్డ్ కథంతా ఆ పూట ఆమెకు చెప్పాను. డాక్టరుగారిని కూడా అడిగి, చివరకు ఒప్పుకుంది. టీచరుగారికి ఇవ్వడానికి ఉత్తరం నేనే డ్రాఫ్టు చేశాను. దెబ్బ తగిలితే కదలనివ్వకుండా ఐసు పెట్టాలి, ఆస్పిరిన్ వంటి మాత్రలు ఇవ్వరాదు, కండకు సూది వేయించరాదు, తలకు తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఫలానా ఆసుపత్రికి తీసుకుపోవాలి, కింద ఫోన్ నంబర్లు. వాడు వెళ్ళి, డ్యాము చూసి, ఎండకు నల్లబడి తిరిగొచ్చాడు. ఉత్తరం ఆఫీసు కాపీ నా దగ్గర ఉంది. సభ్యుల ఇళ్ళలో ఎవరికైనా అవసరమైతే జిరాక్సు తీయించి ఇస్తాను.