ఫ్రాంక్ కజిన్స్

1904లో ఇంగ్లండునందలి నాటింగ్‌హాంషైరున జన్మించిన ఫ్రాంక్ కజిన్స్ పదునాలుగవయేట బొగ్గుగనిలో పనికి కుదిరెను. పిదప లారీ తోలెను. 1956లో బ్రిటను దేశపు అతిపెద్ద కార్మికసంఘమగు రవాణాకార్మిక సంఘమునకు ప్రధానకార్యదర్శి యయ్యెను.

1964లో విల్సన్ లేబరు ప్రభుత్వము నేర్పరచి ఆయనకు సాంకేతికశాఖ నొసగెను. పౌను విలువను నిలుపుటకై ధరలను, వేతనములను చట్టముచే నదుపుచేయక తప్పదని ప్రభుత్వము వాదించెను. ఆ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. కాని కూలి నిర్ణయము యజమానులకును సంఘములకును నడుమ స్వేచ్ఛగా జరుగవలయునని కజిన్స్ నమ్మకము. బిల్లు వెలువడుటకు ముందుదినమున, 1966 జూలై 3న, మంత్రిపదవిని విడిచి సంఘమునకు మరలెను.

ఆగస్టున బిల్లు చట్టమయ్యెను. ఆయన 1969వరకు సంఘమును నడపి, 1986లో మరణించెను. తమ పార్టీయే యేలుచున్నను కార్మికుల పక్షమున వాదించువా డొకడు ప్రభుత్వమునకు వెలుపల నుండవలయునని ఆయన జీవితము తెలుపుచున్నది.